ఆట మానకండమ్మా!

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా 2025 ఆగస్టులో అంబాజీపేటలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



వార్డెన్ చేతికి మైకు ఇస్తే హాజరు గురించో, సెల్‌ఫోన్ల గురించో క్లాసు పీకుతుందని మీకు భయం. ఆ ముచ్చట్లు హాస్టల్లో ఎలాగూ ఉంటాయి. ఈ రోజు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ఎందుకు ఆ ఆటే అంటే, మన తండాల నుంచి, మన గూడేల నుంచి వచ్చిన అమ్మాయిల పేర్లు ఈ ఏడాది ఆట వార్తల్లో గట్టిగా వినబడ్డాయి. ఆ పేర్లు మీలో ఎంతమందికి తెలుసో అని మొన్న స్టడీ అవర్లో అడిగాం. సినిమా హీరోయిన్ల పేర్లు ఇరవై చెప్పారు. ఈ పేర్లు ఇద్దరే చెప్పారు.

ప్రతి జూన్‌లో మేము ఒక విషయం గమనిస్తున్నాం. అడ్మిషన్‌కి వచ్చే అమ్మాయి ఫైలు విప్పితే పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఆధార్ నకలు, వాటి కింద నాలుగైదు ఆటల సర్టిఫికెట్లు ఉంటాయి. మండల స్థాయి కబడ్డీ, డివిజన్ స్థాయి ఖోఖో, నాలుగు వందల మీటర్ల పరుగు. "ఇప్పుడు ఏం ఆడుతున్నావమ్మా?" అని అడిగితే నేల చూపులు చూస్తూ "మానేశానండి" అంటుంది. దెబ్బ తగిలిందా అంటే లేదు. ఎవరైనా వద్దన్నారా అంటే అదీ లేదు. ఇంటర్‌కి వచ్చింది, మానేసింది. డిగ్రీకి వచ్చింది, బూట్లు చెల్లెలికి ఇచ్చేసింది. అబ్బాయిలు సాయంత్రం కాగానే ఎక్కడో ఓ చోట బంతి పట్టుకుని కనబడతారు. అమ్మాయిలు మాత్రం సరిగ్గా ఒంట్లో బలం వచ్చే వయసులో, బుర్రకి ఆట అర్థమయ్యే వయసులో ఆగిపోతున్నారు. ఈ రోజు మా బాధ అదే.

ఆగకుండా ముందుకు వెళ్ళిన ఒకమ్మాయి కథ వినండి.

ఆమె పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి. 2001లో పుట్టింది, అంటే మీ అక్క వయసు. మొదట ఆమె ఫుట్‌బాల్ ప్లేయర్ కాదు, రన్నర్. ఆ పరుగు చూసిన నాగరాజు అనే కోచ్, ఈ వేగం బంతితో కలిస్తే బాగుంటుందని ఆమెను ఫుట్‌బాల్ వైపు మళ్ళించారు.

వినడానికి చిన్న మార్పులా ఉంటుంది. కాదమ్మా. పరుగు పందెంలో నీ లైను నీది. ఎవరూ అడ్డం రారు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. తుపాకీ పేలితే పరిగెత్తడమే. ఫుట్‌బాల్లో ఆ పరుగే నాలుగడుగులకోసారి తెగుతుంది. ఆగాలి, తిరగాలి, తల ఎత్తి చూడాలి, బంతిని కాలికి తగలగానే మెత్తగా అణచాలి. అన్నిటికంటే కష్టం ఇంకోటి ఉంది. తనకి గోల్ వేసే అవకాశం ఉన్నా, పక్కమ్మాయికి ఇంకా మంచి అవకాశం ఉంటే బంతి ఆమెకి ఇచ్చేయాలి. ఒంటరి పరుగు నుంచి పదకొండు మంది ఆటకి రావడమంటే మనిషి మారడమే. సౌమ్య అంచుల్లో ఆడే ఫార్వర్డ్. అవతలి డిఫెండర్‌ని తన వేగంతో పక్కకి లాగి, మధ్యలో ఉన్నవాళ్ళకి దారి చేయడం ఆ స్థానంలో ఆడేవాళ్ళ పనిలో సగం. ఆ సగానికి స్కోరుబోర్డు మీద పేరు పడదు.

సౌమ్య ఊరు వదిలి ముంబైలో కెంక్రే క్లబ్బుకి ఆడింది, కేరళలో గోకులం క్లబ్బుకి ఆడింది. 2022లో మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌తో కలిసి యూరప్‌లోని క్రొయేషియా వెళ్ళి, దినమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. భాష తెలీదు, తిండి వేరు, చలి వేరు. తండాలో గోర్ బోలీ మాట్లాడుతూ, బడిలో తెలుగు నేర్చుకున్న పిల్ల, కేరళలో మలయాళం మధ్య, జాగ్రెబ్‌లో క్రొయేషియన్ మధ్య నెగ్గుకు రావాలి. మీలో కొండ నుంచి దిగి కోనసీమ వచ్చినవాళ్ళకి ఆ సంగతి మేము చెప్పక్కర్లేదు. ఇక్కడివాళ్ళు "ఆయ్" అంటే ఏమంటున్నారో అర్థంకాక మొదటి నెల బిక్కమొహం వేసుకున్నవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు.

తర్వాత ఆమె కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి వచ్చింది. 1920లో పుట్టిన క్లబ్బు అది. ఇండియన్ విమెన్స్ లీగ్ టైటిల్ వాళ్ళకి అంతవరకు లేదు. ఈ ఏడాది ఏప్రిల్‌లో అంతకుముందు ఏడాది విజేత ఒడిశా ఎఫ్‌సీని 1-0తో ఓడించి మొదటిసారి ఆ టైటిల్ గెలిచారు. ఆ ఒక్క గోల్ వేసింది సౌమ్య. ఆ సీజన్లో ఆమె వేసినవి 9 గోల్స్. మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25 సంవత్సరానికి ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే ఇచ్చింది. దేశం మొత్తంలో ఆ ఏడాది ఒక్కరికే వచ్చే అవార్డు ఒక లంబాడా తండా బిడ్డకి వచ్చింది.

జూన్, జూలై నెలల్లో భారత మహిళల జట్టు థాయిలాండ్‌లోని చియాంగ్ మైకి ఆసియా కప్ క్వాలిఫయర్స్ ఆడటానికి వెళ్ళింది. సౌమ్య ఆ జట్టులో ఉంది. మంగోలియా మీద 13-0, తిమోర్ లెస్తే మీద 4-0, ఇరాక్ మీద 5-0. చివరి మ్యాచ్ జూలై 5న థాయిలాండ్‌తో, వాళ్ళ సొంత గడ్డ మీద. థాయిలాండ్ అంటే 2015లోనూ 2019లోనూ ప్రపంచ కప్ ఆడిన జట్టు. మనవాళ్ళు 2-1తో గెలిచారు. ఆ రెండు గోల్స్ సంగీతా బాస్ఫోర్‌వి. క్వాలిఫయర్స్ ఆడి, గెలిచి ఆసియా కప్‌కి వెళ్ళడం మన మహిళల జట్టుకి ఇదే మొదటిసారి. వచ్చే మార్చిలో ఆస్ట్రేలియాలో ఆ టోర్నమెంటు.

"అదంతా తెలంగాణ మేడమ్, మన ఆంధ్రాలో ఎవరున్నారు?" అని ఒకమ్మాయి అడిగింది. ఉన్నారు. కుంజా రజిత. కూనవరం మండలం పిల్ల, మనకి గోదావరి ఎగువన. ఈ మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో మహిళల 4×400 మీటర్ల రిలేలో బంగారు పతకం గెలిచిన నలుగురిలో ఆమె ఒకరు. ఆ పతకం కూడా ఒక్కరిది కాదు, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి బేటన్ అందితేనే వచ్చింది. ఇక్కడ మన ముంజవరం వైపు, గన్నవరం వైపు పారే నీళ్ళు పైన ఆ పిల్ల ఊరి దగ్గర్లోంచే వస్తున్నాయి.

ఇప్పుడు పెద్ద పేర్లు పక్కన పెడదాం. మా హాస్టల్లో ఉన్న ఒక పిల్ల సంగతి చెప్తాం. పేరు చెప్పం. డిగ్రీ చదువుతున్న కొండరెడ్డి అమ్మాయి. వాళ్ళ నాన్న పోడు చేస్తారు, జీడిమామిడి గింజలు ఏరి అమ్ముతారు. కాలేజీలో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు కడదామంటే మొదట వచ్చింది ఈ పిల్లే. కోనసీమలో గ్రౌండు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. చూసిన చోటల్లా కొబ్బరి తోట, లేకపోతే వరి చేను, లేకపోతే చెరువు. సార్వా కోత అయ్యాక దాళ్వా నాట్లు పడేలోపు ఎండిన చేలో ఆడుకోవాలి. వానాకాలం వస్తే అదీ లేదు. శంకువులు కొనడానికి డబ్బులు లేక కొబ్బరి డొక్కలు వరసగా పెట్టి వాటి మధ్య బంతి నడిపించారు. అంబాజీపేటలో డొక్కలకి మాత్రం కరువు లేదు కదా!

పోయిన ఏడాది యూనివర్సిటీ జట్టు సెలక్షన్లు ఉన్న వారంలోనే వాళ్ళ నాన్న హాస్టల్‌కి వచ్చారు. మేనత్త కొడుకుతో సంబంధం అనుకున్నారు, పిల్లని తీసుకెళ్తానన్నారు. మేము ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాం. "అమ్మగారూ, మీరు చదువుకున్నోళ్ళు. ఆడపిల్లకి బంతి ఆట అన్నం పెడతాదా?" అని అడిగారు. ఆ ప్రశ్న తప్పు కాదు. పోడు చేసి బతికేవాడికి ప్రతి పనినీ ఆ తూకంలోనే తూచాలి. మేము జవాబు చెప్పేలోపే పిల్ల వచ్చింది. ఇంతకుముందయితే తలుపు వెనక నిలబడి ఏడ్చే పిల్ల. ఆ రోజు ఎదురుగా నిలబడి, "నానా, సెలక్షను బుధవారం. డిగ్రీ ఇంకా ఏడాదిన్నర. అప్పటిదాకా నన్ను ఆడనీ. డిగ్రీ అయ్యాక నువ్వు చెప్పిన మాట కూర్చుని మాట్లాడుకుందాం" అంది. గొంతు వణికింది గానీ మాట ఆగలేదు. ఆయన చాలాసేపు బయటకి చూసి, "సరే, బుధవారం దాకా ఉంటాను" అన్నారు. కూతురితో ఆయనే వెళ్ళారు.

పిల్ల సెలెక్ట్ అవ్వలేదు. సినిమా అయితే అయ్యేది.

మరి ఏం లాభం అంటారా? వచ్చిన మర్నాడు పొద్దున్న ఐదున్నరకి మళ్ళీ డొక్కలు సర్దుతూ కనబడింది. ఎడమ కాలితో బంతి ఆపలేకపోయానని అక్కడి కోచ్ చెప్పారట, నెల రోజులు ఎడమ కాలితోనే ఆడింది. ఇప్పుడు హాస్టల్లో చిన్న క్లాసుల పిల్లలకి తనే నేర్పుతోంది. స్కాలర్‌షిప్ పడకపోతే ఆఫీసుకి తనే వెళ్ళి, కౌంటర్ దగ్గర నిలబడి, రశీదు నంబరుతో సహా అడిగి వస్తోంది. పెళ్ళి మాట ముగిసిపోలేదు, వాయిదా పడింది. ఏడాది తర్వాత ఏమవుతుందో మేమూ చూడాలి. కానీ అప్పుడు ఆ మాట ఆమె లేకుండా జరగదు. ఆ చేలో ఆమె సంపాదించింది అదీ.

ఈ సభలో అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి, మా దగ్గరికి వచ్చే అభ్యంతరాలకి కూడా జవాబు చెప్తాం.

నిక్కర్లు వేసుకోవాలని అభ్యంతరం. పొడుగు ట్రాక్ ప్యాంటు వేసుకుని మోకాళ్ళు కప్పుకుని ఆడుకోవచ్చు. మ్యాచ్‌లో కూడా తల కప్పుకుని, కాళ్ళు కప్పుకుని ఆడే అమ్మాయిల జట్లు ప్రపంచంలో ఉన్నాయి. బట్ట సాకుతో ఆట ఆపకండి.

దెబ్బలు తగులుతాయని భయం. తగులుతాయి. మోకాలి లోపలి లిగమెంటు దెబ్బ అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. అందుకే ఆటకి ముందు ఇరవై నిమిషాల వార్మప్ తప్పనిసరి. ఫిఫా వాళ్ళు దీనికోసం ప్రత్యేకంగా వ్యాయామాలు తయారుచేశారు, ఫోన్‌లో వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగకుండా చూసుకోవడం, ఒంటి కాలి మీద నిలబడటం, తొడ వెనక కండరాలకి బలం. దీనికి పైసా ఖర్చు లేదు, బద్ధకం వదిలితే చాలు.

నీరసం సంగతి. మన అమ్మాయిల్లో రక్తహీనత ఎక్కువ. రెండు నిమిషాలు పరిగెత్తగానే కళ్ళు తిరిగితే అది చేతకానితనం కాదు, రక్తం తక్కువ. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర పారేయకుండా వేసుకోండి. హాస్టల్లో ఇచ్చే గుడ్డు, రాగి జావ, వేరుశనగ చిక్కీ పక్కవాళ్ళకి దానం చేయకండి. నెలసరి రోజుల్లో ఒంటికి ఓపిక ఉంటే ఆడొచ్చు, లేకపోతే కోచ్‌కి చెప్పి కూర్చోవచ్చు. చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు.

చదువు పోతుందంటారు. పొద్దున్న గంటన్నర ఆడే పిల్ల రాత్రి పదింటికి నిద్రపోతుంది. ఆడని పిల్ల ఒంటిగంట దాకా ఫోన్ చూస్తుంది. చదువు ఎక్కడ పోతోందో మాకు కనబడుతూనే ఉంది.

ఇక పిల్లలకి. దారి తెలియక ఆగిపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి దారి చెప్తాం. మన కోనసీమ డిగ్రీ కాలేజీలు ఆదికవి నన్నయ యూనివర్సిటీ కింద ఉన్నాయి. కాలేజీ జట్టు అంతర కళాశాలల పోటీలకి వెళ్తుంది. అక్కడి నుంచి యూనివర్సిటీ జట్టు, ఆ జట్టు అంతర విశ్వవిద్యాలయ పోటీలకి. దీనికి మొదటి గుమ్మం మీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ గది. ఆ గదికి వెళ్ళి పేరు ఇవ్వండి, నలుగురు కలిసి వెళ్ళండి. జట్టు లేదంటే పదిహేను మంది పేర్లు కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. అమ్మాయిల కోసం ఖేలో ఇండియా వాళ్ళు అస్మిత లీగులు నడుపుతున్నారు, వాటి ప్రకటనలు చూస్తూ ఉండండి. పుట్టిన తేదీ పత్రం, పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఆటల సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. వయసు తగ్గించి చూపిస్తే జట్టులోకి రావచ్చని ఎవరైనా చెబితే వినకండి. పట్టుబడితే ఆట పోతుంది, పరువు పోతుంది.

ఇంత చేసినా అందరూ సౌమ్యలు అవ్వరు. ఆ సంగతి ముందే చెప్పడం మా ధర్మం. జార్ఖండ్ గుమ్లా జిల్లా ఒరావ్ అమ్మాయి అష్టం ఒరావ్ 2022 అక్టోబరులో మన దేశంలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో భారత జట్టుకి కెప్టెన్. ఆమె పేరు మీద ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనికి వాళ్ళ అమ్మానాన్నలే కూలికి వెళ్ళారు. ఆ ప్రపంచ కప్‌లో మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఒక్క గోల్ కూడా పడలేదు. కీర్తి వచ్చిన రోజునే ఇంట్లో కష్టం తీరిపోదు, కెప్టెన్ అయిన రోజునే గెలుపు రాదు. అయినా ప్రతి మ్యాచ్‌కీ ముందు నడిచి జట్టుని గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళింది ఆ పిల్లే.

ఇంకా వెనక్కి వెళ్తే జైపాల్ సింగ్ ముండా గారు ఉన్నారు. ముండా ఆదివాసీ. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ హాకీ ఆడి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకి నాయకుడయ్యారు. ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల తరఫున మాట్లాడారు. ఆటలో నలుగురిని కలుపుకుని నడిపించినవాడు సభలోనూ నిలబడగలిగాడు. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆడేవాళ్ళకే కాదు, నేర్పేవాళ్ళకీ ఆటలో చోటుందని టీచర్ ట్రైనింగ్ చేసిన మాలాంటివాళ్ళకి ఆయన గుర్తు. మీలో ఎవరో ఒకరు రేపు పీఈటీ అవుతారు, రెఫరీ అవుతారు, ఫిజియో అవుతారు. మీ గూడెంలో పాతికమంది పిల్లలకి మొదటి కోచ్ అవుతారు.

హైదరాబాద్ గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం ఉంది. పోయిన సెప్టెంబరులో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆడింది అక్కడే. దాని పేరు జీఎంసీ బాలయోగి స్టేడియం. మన అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి పేరు. కోనసీమ పేరు ఆ గేటు మీద ఉంది. ఆ గేటు లోపల, ఆ గడ్డి మీద కోనసీమ హాస్టల్ అమ్మాయి పేరు ఇంకా పడాలి.

సంఘం పెద్దలకి ఒక్క మనవి. మాకు సన్మానాలు వద్దు, శాలువాలు వద్దు. శాలువా డబ్బుతో నాలుగు బంతులు కొనివ్వండి. తోటల మధ్య ఖాళీగా ఉన్న ఒక ఎకరం, సాయంత్రం రెండు గంటలు అమ్మాయిలకి వదిలిపెట్టేలా ఎవరైనా ఒక రైతు గారిని ఒప్పించండి. అబ్బాయిలకి ఒక మాట: మీ చెల్లెళ్ళు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని ఈలలు వేయకండి, గోల్ పోస్టు వెనక నిలబడి బంతులు అందించండి.

అమ్మాయిలూ, వరద తగ్గి నేల ఆరగానే మొదలు పెడదాం. పొద్దున్న ఐదున్నరకి, హాస్టల్ గేటు దగ్గర. ఇప్పటికి తొమ్మిది పేర్లు ఉన్నాయి. పదకొండు కావాలి. సభ అయ్యాక కాగితం, పెన్ను ఇక్కడే ఈ బల్ల మీద ఉంటాయి.